పాత కన్సోల్ గేములు పీసీలో: కొని, ఏళ్ల తరబడి ఆడాక

టీవీకి కలిపి ఆడే పాత కన్సోళ్ల గేములను కంపెనీలు పీసీకి అమ్మాలా అంటే, అమ్మాలి. కానీ గేమ్ ఫైలు మన చేతికి వచ్చేలా అమ్మాలి, ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోకూడదు. సెగా కంపెనీ పాత కన్సోల్ మెగా డ్రైవ్ గేముల కలెక్షన్ 'సెగా మెగా డ్రైవ్ అండ్ జెనెసిస్ క్లాసిక్స్'ను 2018లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొని ఇప్పటికీ ఆడుతున్నవాడిగా నాకు అనిపించేది ఇదే.

అసలు మెషిన్ మీదే ఆడాలనేవాళ్లు విశాఖలో ఒక్క వర్షాకాలం గడిపి చూడాలి. మాది ఎంవీపీ కాలనీ. ఆ ఉప్పుగాలికి క్యాసెట్ అడుగు పళ్లకు చిలుము పట్టేస్తుంది. చిన్నప్పుడు ఉఫ్‌మని ఊది పెట్టేవాళ్లం. నోటి తడికి అవి ఇంకా పాడవుతాయని అప్పుడెవరికి తెలుసు! పైగా పిక్చర్ ట్యూబ్ టీవీ కావాలి. డాబాగార్డెన్స్‌లో తిరగ్గా తిరగ్గా దాన్ని బాగుచేసే మెకానిక్ ఒకాయన దొరికాడు, ట్యూబ్ పోతే మాత్రం తనూ ఏం చేయలేనన్నాడు. అందుకే పీసీ.

సెగా కలెక్షన్‌లో నాకు బాగా నచ్చింది గేముల కంటే ఫోల్డర్. తెరిస్తే రోమ్ ఫైళ్లు, అంటే క్యాసెట్‌లోని గేముల కాపీలు, విడివిడిగా ఉంటాయి, ఏ తాళమూ లేదు. పాత మెషిన్‌లా పీసీని పనిచేయించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ ఏది నచ్చితే దాంట్లోకి కాపీ చేసుకుని ఆడుకోవచ్చు. అభిమానులు మార్చి తయారుచేసిన గేములను స్టీమ్‌లోనే అలాంటివి పంచుకునే వర్క్‌షాప్‌లో పెట్టుకోనిచ్చారు కూడా. త్రీడీ పడకగదిలా ఉండే మెనూ ఒకటి ఇచ్చారు గానీ, నేను దాని జోలికి పోను.

టీవీకి కలిపేవాళ్లు రెండు పనులు ముందే చేయాలి. మెగా డ్రైవ్ బొమ్మ 320x224 చుక్కలది, 4:3 కొలత పాత టీవీల కోసం గీసింది, దాన్ని ఆ కొలతలోనే ఉంచాలి. వెడల్పు తెరకు సాగదీస్తే సెగా గేముల హీరో సోనిక్ పెళ్లిభోజనం చేసి వచ్చినట్టు లావుగా కనిపిస్తాడు. ఇక టీవీలో బొమ్మ ఆలస్యం కాకుండా చూసే గేమ్ మోడ్ ఆన్ చేయాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దేలోపే అలాంటివి కొన్ని గడిచిపోతాయి, మనం జంప్ నొక్కేసరికి సోనిక్ గుంటలో ఉంటాడు. ప్యాడ్ కూడా వైరుదే మంచిది. ఆటను కాస్త వెనక్కి తిప్పే రివైండ్ మీటను మా అబ్బాయి మొహమాటం లేకుండా వాడతాడు. నాకింకా దొంగాటలాగే ఉంటుంది.

మరో కంపెనీ కలెక్షన్ ఒకటి కొన్నాను. ఒక అప్‌డేట్ తర్వాత ప్యాడ్‌ను గుర్తుపట్టడం మానేసింది. గేములన్నీ ఒకే ఫైల్లో బిగించేశారు కాబట్టి బయటికి తీసి ఆడే వీలూ లేదు. డబ్బు తీసుకుని ఉచిత ఎమ్యులేటర్ కంటే తక్కువ ఇస్తే జనం ఎటు పోతారు?

సెగా అయినా చివరిదాకా నిలబడలేదు. 2022లో సోనిక్ ఆరిజిన్స్ అనే కొత్త కలెక్షన్ రాబోతోందని పాత సోనిక్ గేముల విడి అమ్మకం ఆపేసింది. కొత్తదాంట్లో సోనిక్ 3కి కొన్నిచోట్ల పాత సంగీతమే లేదు. 2024 డిసెంబరులో ఈ క్లాసిక్స్ కూడా స్టీమ్ అమ్మకాల్లోంచి పోయాయి. ముందు కొన్నవాళ్లం ఇప్పటికీ డౌన్‌లోడ్ చేసుకోగలం, కొత్తవాళ్లకు ఆ దారి లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో తేల్చింది. ఇలా తీసేస్తూ పోతే ఆ అంకె తగ్గేదెప్పుడు?

"ఉచితంగా దొరుకుతుంటే కొనడమెందుకురా" అని మా బావ వాదన. సొంత క్యాసెట్ నుంచి కాపీ తీసుకున్నామని విదేశాల్లో వాళ్లు చెప్పుకోగలరు. మన దగ్గర ఆ మాటా కుదరదు. మనలో చాలామంది ఆడినవే నకలు మెషిన్లు. 9999 ఇన్ 1 అని రాసి ఉన్న క్యాసెట్‌లో నాలుగైదు గేములే పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. ఆ గేములు చేసినవాళ్లకు మా బావ బాల్యం నుంచి ఒక్క రూపాయి కూడా వెళ్లలేదు. నింటెండో తన పాత గేములను పీసీకి అమ్మడమే లేదు, స్విచ్ కొని చందా కట్టాలి. మారియో కోసం ఇంకో మెషిన్ కొనమంటే మధ్యతరగతి ఇంట్లో కుదిరే పని కాదు. కొనామీ కంపెనీ మాత్రం 2019లో తన కాంట్రా గేము పాత భాగాలను కలిపి స్టీమ్‌లో పెట్టింది. బావకు ఆ లింకు పంపాను.

ఇప్పుడు కొనేవాళ్లు అదే గేము గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ దుకాణంలో కూడా ఉందేమో ముందు చూడండి. అక్కడ ఇన్‌స్టాలర్‌నే దించుకుని దాచుకోవచ్చు. సెగా క్లాసిక్స్ ఉన్నవాళ్లు ఆ రోమ్ ఫోల్డర్‌ను ఈ వారంలోనే ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.