ఆటోరన్స్ రివ్యూ: ఎస్‌ఎస్‌డీ వేసినా ఏడు నిమిషాలు పట్టిన ల్యాప్‌టాప్

మా అక్క పొద్దున్నే ల్యాప్‌టాప్ పవర్ బటన్ నొక్కేసి స్నానానికి వెళ్లిపోయేది, వచ్చి చూస్తే ఇంకా ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశా, బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకుని పని మొదలయ్యేదాకా 6 నిమిషాల 50 సెకన్లు. విండోస్ 10, 8 జీబీ ర్యామ్, పైగా పోయినేడాదే పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ కూడా వేయించింది. స్లో అనగానే ఎవరైనా ఎస్‌ఎస్‌డీ వెయ్యమనే చెప్తారు, అది మంచి సలహానే, ఎందుకంటే నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్ అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదవాల్సొస్తే సెకనుకి ఓ వంద చదవడమే ఎక్కువ, ఎస్‌ఎస్‌డీ వేలకి వేలు చదివేస్తుంది. కానీ అది వేసినా ఇలా ఉంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. రిపేర్ చేసే అతను ఫార్మాట్ కొట్టేద్దామన్నాడు, అక్క ఒప్పుకోలేదు, తన ఆఫీసు సాఫ్ట్‌వేర్లన్నీ మళ్లీ ఎక్కించుకోవాలంటే రెండ్రోజులు పోతాయి. అప్పుడు నేను ఆటోరన్స్ తీశాను, విండోస్‌తో పాటు వాటంతటవే మొదలయ్యేవన్నీ చూపించి, అక్కర్లేనివి ఆపనిచ్చే టూల్ అది. ఈ రివ్యూ దాని గురించే, నా రేటింగ్ 5కి 4, ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెప్తా.

తెలియనివాళ్ల కోసం, ఇది సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటి. 1996లో మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ మొదలుపెట్టిన ఆ టూల్స్‌ని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఇప్పటికీ మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, జిప్ విప్పి రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే చాలు. దయచేసి ఆ సైట్ నుంచే దింపుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్ల జోలికి పోవద్దు.

అయితే నేను దీన్ని నేరుగా తెరవలేదు, ముందు టైమ్ ఎక్కడ పోతుందో చూశా, ఇది చాలా ముఖ్యం. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది కదా, షట్‌డౌన్ చేస్తే కెర్నల్‌ని, అంటే విండోస్ గుండెకాయని, డిస్క్ మీద దాచిపెట్టి మర్నాడు అదే లేపుతుంది, అంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే అది నిజంగా మొదట్నుంచి లేవడం కాదు. రీస్టార్ట్ కొడితేనే పూర్తిగా మొదట్నుంచి లేస్తుంది. అందుకే కొలిచిన ప్రతిసారీ రీస్టార్టే చేశా. తర్వాత విండోస్ రాసుకునే చిట్టాలు (లాగ్స్) చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్, అందులో ఆపరేషనల్ అనే లాగ్ తెరిస్తే నంబర్ 100 అని ఒక ఈవెంట్ ఉంటుంది, దాని డీటెయిల్స్‌లో టైమ్ అంతా మిల్లీసెకన్లలో రాసి ఉంటుంది. మెయిన్ పాత్ బూట్ టైమ్ అంటే డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టింది, పోస్ట్ బూట్ టైమ్ అంటే డెస్క్‌టాప్ వచ్చాక వెనకాల హడావిడి సద్దుమణిగేదాకా పట్టింది. అక్క దాంట్లో మొదటిది 58 సెకన్లు, రెండోది 290 సెకన్లు! అంటే విండోస్ లేస్తూనే ఉంది పాపం, లేచాక దాని మీద పడుతున్న గుంపు ఎవరో పట్టుకోవాలి. అదే లాగ్‌లో 101 అంటే ఆలస్యం చేసిన ప్రోగ్రామ్, 102 అంటే డ్రైవర్ (విండోస్ లోతుల్లో, మామూలుగా హార్డ్‌వేర్‌ని నడిపే ముక్క), 103 అంటే సర్వీస్ (తెర మీద కనపడకుండా వెనకాల నడిచేది), పేర్లతో సహా ఉంటాయి. పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నా.

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ ఉందిగా అంటారేమో, చూశా, అందులో అక్క ఇప్పటికే అన్నీ డిసేబుల్ చేసేసింది. అక్కడ కనపడేది సగమే మరి, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) రన్ అనే చోట ఉన్నవి, స్టార్టప్ ఫోల్డర్‌లో ఉన్నవి చూపిస్తుంది కానీ షెడ్యూల్డ్ టాస్కులు, సర్వీసులు, డ్రైవర్లు అక్కడికి రావు. ఆటోరన్స్ ఇవన్నీ ఒకేచోట పరుస్తుంది, ఒక్కోదానికి ఒక్కో ట్యాబ్, ఏ కంపెనీది, ఫైల్ ఎక్కడుంది, అన్నీ. తెరవగానే వందల లైన్లు చూసి కంగారు పడకండి, ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచమని ఒక టిక్ ఉంటుంది, ఫైల్ నిజంగా ఆ కంపెనీదేనని చెప్పే డిజిటల్ సంతకాలు వెరిఫై చెయ్యమని ఇంకో టిక్ ఉంటుంది, రెండూ పెట్టాక అక్క దాంట్లో 70 లైన్లే మిగిలాయి.

వాటిలో దొరికినవి ఇవి. ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు రెండు సర్వీసులు, ప్రింటర్ లేకపోయినా పొద్దున్నే లేచి దానికోసం వెతుకుతున్నాయి, 103 ఈవెంట్‌లో పేరు పడింది వీటిదే. లాగిన్ అవగానే పరిగెత్తే అప్‌డేటర్లు షెడ్యూల్డ్ టాస్కుల్లో ఐదు, టాస్క్ మేనేజర్‌లో వీటి ఊసే లేదు. అన్నిటికంటే పెద్దది, రెండేళ్ల కింద తీసేశామనుకున్న ఒక యాంటీవైరస్ తాలూకు డ్రైవర్, సర్వీస్ ఇంకా నడుస్తున్నాయి. ఇప్పుడున్న యాంటీవైరస్ ప్రతి ఫైల్‌నీ ఒకసారి తనిఖీ చేస్తుంటే పాతదాని డ్రైవర్ కూడా మధ్యలో దూరి అదే ఫైల్‌ని మళ్లీ చూస్తోంది. ఎస్‌ఎస్‌డీ ఎంత స్పీడైనా ప్రతి ఫైల్‌కీ రెండు చెక్‌పోస్టులు పెడితే ఇంకెక్కడి స్పీడు.

ఆ యాంటీవైరస్ డ్రైవర్‌ని మాత్రం ఆటోరన్స్‌లో టిక్ తీసి వదిలెయ్యలేదు, ఆ కంపెనీవాళ్లే ఇచ్చే రిమూవల్ టూల్ దింపి తీయించా. ఇది గట్టిగా చెప్తున్నా, డ్రైవర్స్ ట్యాబ్‌లో తెలియనిది ముట్టుకోవద్దు. కీబోర్డుకో డిస్క్‌కో ఫిల్టర్‌గా (దాని దారి మధ్యలో కూర్చుని) తగులుకున్న డ్రైవర్‌ని ఊరికే ఆపేస్తే ఆ కీబోర్డే పనిచెయ్యదు, డిస్క్‌దైతే విండోసే లేవకపోవచ్చు. ఒక్క మార్కు తగ్గించింది ఇందుకే, ఇంత ప్రమాదమైన టిక్కుకీ మామూలు అప్‌డేటర్ టిక్కుకీ తేడా చెప్పే హెచ్చరిక ఏదీ రాదు, రెండూ ఒకేలా కనపడతాయి. ఏది ఎంత టైమ్ తింటోందో కూడా చెప్పదు, దానికి మళ్లీ ఆ ఈవెంట్ లాగే చూసుకోవాలి. రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే సిస్టమ్‌ని వెనక్కి తీసుకెళ్లడానికి పెట్టుకునే గుర్తు) పెట్టుకునే మొదలుపెట్టండి, కొన్ని సిస్టమ్స్‌లో సిస్టమ్ ప్రొటెక్షన్ ఆఫ్‌లో ఉంటుంది, అది ఆన్ చేస్తేనే పాయింట్ పడుతుంది.

దీంట్లో నాకు బాగా నచ్చింది టిక్ తియ్యడానికీ డిలీట్ చెయ్యడానికీ ఉన్న తేడా. టిక్ తీస్తే ఎంట్రీని పక్కన దాస్తుంది అంతే, మళ్లీ టిక్ పెడితే వచ్చేస్తుంది. నేను టచ్‌ప్యాడ్ తాలూకు ఒకటి తీసేస్తే రెండు వేళ్లతో స్క్రోల్ అవడం ఆగిపోయింది, టిక్ పెట్టి రీస్టార్ట్ చేశా, వచ్చేసింది. అందుకే ఒకసారికి రెండు మూడే తీసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ కొలిచి, అప్పుడు ముందుకెళ్లాలి. ఇంకోటి, పసుపు రంగు లైన్లు చూసి సంబరపడొద్దు, అవి ఫైల్ లేని పాత ఎంట్రీలు, అన్నీ తీసేసినా నాకు ఒకట్రెండు సెకన్లు కూడా తగ్గలేదు. గులాబీ రంగువి మాత్రం ఆగి చూడండి, కంపెనీ పేరో సంతకమో లేనివి అవి. అనుమానం ఉంటే చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ సైట్‌లో చెక్ చేసే ఆప్షన్ లోపలే ఉంది.

రిజిస్ట్రీ క్లీనర్లు, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో (విండోస్ బూట్ సెట్టింగుల టూల్) ప్రాసెసర్ల సంఖ్య పెంచమనే చిట్కా, ఇవేవీ నేను వాడలేదు, మీరూ వాడొద్దు. ఆ సంఖ్య పరిమితి పెట్టడానికి ఉంది, విండోస్ ఎలాగూ అన్ని కోర్లూ వాడుకుంటుంది.

ఆటోరన్స్‌కి అందని ముక్క ఒకటి మిగిలింది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో పైన లాస్ట్ బయోస్ టైమ్ అని ఉంటుంది, బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి హార్డ్‌వేర్‌ని సిద్ధం చేసేది, అక్కడ 46 సెకన్లు. అంటే విండోస్ మొదలవకముందే ముప్పావు నిమిషం పోతోంది, దీనికి ఏ సాఫ్ట్‌వేర్ తీసేసినా లాభం లేదు. ఎప్పుడూ తగిలించే ఉంచే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పీకేస్తే 19కి దిగింది, బయోస్‌లో విండోస్‌ని ముందు ఎక్కడ వెతకాలో చెప్పే బూట్ ఆర్డర్‌లో నెట్‌వర్క్ బూట్ మొదట ఉంటే కిందకి తోసి ఎస్‌ఎస్‌డీని పైన పెడితే 11.

మొత్తం మీద ఒక సాయంత్రం పట్టింది, చివర్లో స్టాప్‌వాచ్‌లో 1 నిమిషం 20 సెకన్లు వచ్చింది. అప్పుడే ఆటోరన్స్‌లో ఆ లిస్టు మొత్తం ఫైల్‌గా సేవ్ చేసి పెట్టా, తర్వాత ఎప్పుడైనా కంపేర్ కొడితే కొత్తగా చేరినవి ఆకుపచ్చ రంగులో చూపిస్తుంది. రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసి, ఒరేయ్ మళ్లీ కొంచెం లేటవుతోంది, నువ్వు చెప్పినట్టే కంపేర్ చేశా, ఆకుపచ్చగా ఒక్క లైనే ఉంది, మీటింగ్ యాప్ అప్‌డేటర్ అట, టిక్ తీసెయ్యనా అంది. తీసెయ్యక్కా అన్నా.