పేనుకొరుకుడు మచ్చకి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: మూడున్నరేళ్ళ తర్వాత

"వెనక నుంచి తీసి నాటిన జుట్టు ఇక రాలదమ్మా." క్లినిక్‌లో అన్న ఆ మాట మీద నాకింకా కోపం తగ్గలేదు.

పాపిట పక్కన రూపాయి బిళ్ళంత మచ్చ నాది. ఆరేళ్ళు కదల్లేదు. జుట్టు మొలిపించే మందు మినాక్సిడిల్ రాశాను, ఇంజెక్షన్లూ అప్పట్లో పని చేయలేదు. చివరికి 2021 ఫిబ్రవరిలో 180 గ్రాఫ్టులు (తల వెనక నుంచి తీసిన జుట్టు కుదుళ్ళు) నాటించుకున్నాను. నాటిన వెంట్రుకలు మూడో వారంలో ఓసారి రాలడం, నాలుగో నెలలో మళ్ళీ మొలకలు రావడం ఇందులో మామూలే. ఏడాది తిరిగేసరికి నడినెత్తిన పాపిట తీసుకుని జడ వేసుకున్నాను. కనిపించిన వాళ్ళందరికీ చేయించుకోమని చెప్పాను.

2023 దసరా ముందు తలంటుకుంటుంటే వేలికి నున్నగా తగిలింది. అద్దంలో చూస్తే సరిగ్గా నాటిన చోటే! కాళ్ళు వణికాయి. ఈసారి క్లినిక్‌కి పోకుండా వేరే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపు పెట్టి, స్క్రీన్ మీద నాకూ చూపించింది. మచ్చ అంచున పొట్టి వెంట్రుకలు, పైన లావు, కుదురు దగ్గర సన్నం, అచ్చం ఆశ్చర్యార్థకం గుర్తులా. జబ్బు మళ్ళీ లేచిందన్నమాట.

వెనక జుట్టు ఎక్కడ నాటినా తన గుణం పోగొట్టుకోదన్నది 1959లో ఓరెంట్రైక్ అనే డాక్టరు చెప్పిన సంగతట. బట్టతలకి అది నిజమే. పేనుకొరుకుడు అలా కాదు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ళ మీద పడుతుంది. నాటిన కుదురని వదలదు. ఈ తేడా ముందే ఎందుకు చెప్పలేదు?

ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నెలకోసారి చొప్పున నాలుగు చేశారు. కొత్త మచ్చ కాబట్టి లొంగిందంది డాక్టరు. మొదట తెల్ల వెంట్రుకలు వచ్చి, తర్వాత నల్లబడ్డాయి. ఈ జబ్బులో కుదురు చావదు కాబట్టి నా 180లో చాలావరకు దక్కాయి. వాటిని మళ్ళీ చూసిన రోజు ఏడ్చాను.

డబ్బు దండగని అననుగానీ, అప్పట్లో పొగిడినంతగా ఇప్పుడు పొగడలేను. నాది ఒకే మచ్చ, చిన్నది, ఏళ్ళ తరబడి నిలకడగా ఉన్నది. అయినా తిరగబెట్టింది. మా ఆడపడుచుకి ఆర్నెల్లకో కొత్త మచ్చ పడుతోంది. నా మాట విని డబ్బు కూడబెట్టుకుంటోంది. మొన్న ఫోన్ చేసి, "వదినా, రెండేళ్ళు కొత్త మచ్చ పడకుండా ఉంటే అప్పుడు చూద్దాం, ముందు మా డాక్టరుకి చూపించుకో" అన్నాను.