వీణ ఎల్పీలకు ఏ ఫోనో ప్రీయాంప్? ట్యూబ్ బాక్స్ ఎస్2, రేగా ఫోనో విన్నాక

మా ఇంట్లో ఉన్న ఎల్పీల్లో సగానికి పైగా వీణ. మిగతావి గాత్రం, కొన్ని పాత సినిమా పాటల ఈపీలు, అంటే చిన్న రికార్డులు. నాన్నగారు కొన్నవి కొన్ని, పాత సామాన్ల దుకాణాల్లో నేను ఏరుకొచ్చినవి కొన్ని. చాలావరకు కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారైన హెచ్.ఎం.వి. రికార్డులే. విజయవాడ సత్యనారాయణపురంలో వీణ పాఠాలు చెప్పుకునే మనిషిని కాబట్టి, నా చెవి దేనికోసం వెతుకుతుందో ముందే చెప్పేస్తాను. సారణి తీగ మీద మీటు పడ్డప్పుడు గోరు తగిలిన చప్పుడు వినపడాలి, కానీ చెవిలో గుచ్చుకోకూడదు. గమకం సాగినంతసేపూ నాదం సన్నబడకుండా నిలవాలి. అనుమంద్రం మీటితే కుండ మొత్తం మోగినట్టు తెలియాలి. ఇవన్నీ ఉంటే నాకు అది వార్మ్ సౌండ్. బాస్ పెంచేసి, పైస్థాయి కోసేసి, పాట మీద దుప్పటి కప్పితే మాత్రం కాదు.

నా టర్న్‌టేబుల్‌కి ఉన్నది ఆడియో-టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జ్. కార్ట్రిడ్జ్ అంటే సూది కదలికను కరెంటుగా మార్చే ముక్క. ఇది లోపల అయస్కాంతం కదిలే ఎంఎం రకం. దాని నుంచి వచ్చేది 4 మిల్లీవోల్టులే. మామూలు యాంప్లిఫయర్‌కి అది చాలదు, ఇంచుమించు వంద రెట్లు పెంచాలి. టర్న్‌టేబుల్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య పెట్టే ఫోనో ప్రీయాంప్ మొదటి పని అది. రెండో పని ఇంకా ముఖ్యం. గాడి మరీ వెడల్పు కాకుండా రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గిస్తారు, గరగర కింద మునిగిపోకుండా ట్రెబుల్ పెంచుతారు. 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. 1950ల మధ్య నుంచి దీనికి ఆర్.ఐ.ఏ.ఏ. అనే ఒకే కొలత స్థిరపడింది. ప్రీయాంప్ దాన్ని సరిగ్గా తిరగేయాలి. అందులో కాస్త తేడా వచ్చినా వీణ బిగువు మారిపోతుంది, గాయకుడి గొంతులో జలుబు చేరినట్టు ఉంటుంది. అంతకు ముందు కాలపు 78 ఆర్.పి.ఎం. రికార్డులకు కొలతలు వేరు, వాటికి వేరే సూది కూడా కావాలి. వాటి సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

బీసెంట్ రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో షాపుకి వెళ్లి, మన రికార్డు పెట్టించుకుని రెండు ప్రీయాంప్‌లు పక్కపక్కనే వినే అవకాశం నాకు దొరకలేదు. గుంటూరు లక్ష్మీపురంలో మా బాబాయి గారబ్బాయి దగ్గర రెండూ ఉన్నాయి. ఒకటి ఆస్ట్రియా కంపెనీ ప్రో-జెక్ట్ వాళ్ల ట్యూబ్ బాక్స్ ఎస్2, రెండోది ఇంగ్లండ్‌లో తయారయ్యే రేగా ఫోనో ఎంఎం. “అక్కా, నీ టర్న్‌టేబుల్ పట్టుకొచ్చెయ్, నీ రికార్డులతోనే విను” అన్నాడు. కార్లో వేసుకుని వెళ్లాను.

ముందు ట్యూబ్ బాక్స్ పెట్టాం. పైన రెండు ఈసీసీ83 ట్యూబులు, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వుల్లాంటివి, కనిపిస్తూ ఉంటాయి. ట్యూబు అనగానే మెత్తగా, నిండుగా ఉంటుందని అందరూ అంటారు కదా, నేనూ అదే అనుకుని కూర్చున్నాను. గాత్రం ఎల్పీ పెడితే “స” వచ్చిన ప్రతిచోటా ఈల వేసినట్టు ఉంది. వీణ మీటు గాజు మీద గీసినట్టు వచ్చింది. నా మొహం చూసి తమ్ముడు పెట్టెను తిరగేశాడు. అడుగున చిన్న చిన్న స్విచ్చులున్నాయి. వాటితో గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో), కెపాసిటెన్స్ (కార్ట్రిడ్జ్ మీద పడే ఒక రకం విద్యుత్ భారం) మార్చుకోవచ్చు. వాడి కార్ట్రిడ్జ్ కోసం కెపాసిటెన్స్ ఎక్కువలో పెట్టి ఉంది. వీఎం95ఈకి కంపెనీ చెప్పేది 100 నుంచి 200 పికోఫారడ్లు. టర్న్‌టేబుల్ వైర్లే అందులో పెద్ద భాగం తినేస్తాయి. దాని మీద ప్రీయాంప్ కూడా కలిస్తే పైస్థాయిలో ఒక బొడిపె లేస్తుంది, అదే కీచుగా వినపడుతుంది. వాడు గోటితో స్విచ్చులు జరిపి అన్నిటికన్నా తక్కువలో పెట్టాడు. అదే రికార్డు, అదే చరణం. “స” మామూలు “స” అయిపోయింది. తంబూరా గాయకుడి వెనక్కి వెళ్లి కూర్చుంది. మృదంగం ఎడమవైపు మోత విడిగా తెలిసింది.

ట్యూబులు మారలేదు, స్విచ్చు మారింది. వార్మ్ సౌండ్ కావాలనుకునేవాళ్లు ట్యూబా ట్రాన్సిస్టరా అని అడిగే ముందు, తమ కార్ట్రిడ్జ్‌కి ఎంత కెపాసిటెన్స్ సరిపోతుందో, కొనబోయే పెట్టె ఎంత పెడుతుందో చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఎంఎం కార్ట్రిడ్జ్‌కి ఇది చాలా ముఖ్యం. నా శిష్యురాలి ఇంట్లో చవక ట్యూబు ప్రీయాంప్ ఒకటి విన్నాను. అలాంటి వాటిలో కొన్నిట్లో ట్యూబుకి చాలినంత వోల్టేజీ ఇవ్వరు, అది వెలుగుతూ కాస్త వక్రీకరణ కలిపి ఊరుకుంటుంది. అక్కడ వీణ, వేణువు, వయొలిన్ అన్నీ ఒకే రంగు పులుముకున్నాయి.

రేగా ఫోనోకి స్విచ్చులు లేవు. ఎంఎం మాత్రమే, తగిలించి వినడమే. నిశ్శబ్దంగా ఉంటుంది, తాళం ఖచ్చితంగా నిలబెడుతుంది. తనియావర్తనం, అంటే మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం, వినడానికి దాన్నే ఎంచుకుంటాను. ధర కూడా ట్యూబ్ బాక్స్ కంటే తక్కువ. వీణ దగ్గరికొచ్చేసరికి మాత్రం మీటు తర్వాతి నాదం ట్యూబ్ బాక్స్‌లో ఇంకొంచెం సేపు నిలిచింది. పాత ఈపీల్లో గొంతుకి ఒళ్లు వచ్చింది. నేను ట్యూబ్ బాక్స్ కొన్నాను, ఇష్టంగా వింటున్నాను.

మన ఊరి ఎండకి రెండు మాటలు. అటక మీద వేసవులు గడిపిన రికార్డులు వంపు తిరుగుతాయి. అవి తిరుగుతుంటే వూఫర్ కోన్ లోపలికీ బయటికీ ఊగడం కంటికే కనపడుతుంది. ట్యూబ్ బాక్స్‌లో చెవికి అందనంత కింది కదలికల్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉంది, అది వేస్తే ఆ ఊపు చాలావరకు తగ్గుతుంది. వీణ కింది స్థాయికి నష్టమేమీ నాకు వినపడలేదు. ట్యూబులు వేడెక్కుతాయి కాబట్టి మూసిన షెల్ఫులో పెట్టకండి. పెట్టె మీద వేలితో కొడితే స్పీకర్లో టింగుమంటుంది, అందుకని స్పీకర్ ఉన్న బల్ల మీద కూడా వద్దు.

గుయ్‌మనే హమ్ వస్తే ముందు ప్రీయాంప్‌ని తిట్టకండి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరు ప్రీయాంప్ వెనక మరకి బిగించారా చూడండి. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా లోపల ఎర్తింగ్ ఉండకపోవచ్చు, ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. మా ఇంట్లో అదే జరిగింది. పెట్టెను యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మూరెడు దూరం జరిపాక మిగిలిన కాస్తా పోయింది.

ట్యూబులు ఎప్పటికైనా అరుగుతాయి. ఈసీసీ83 అన్నా 12ఏఎక్స్7 అన్నా ఒకటే, గిటార్ యాంప్‌లలో వాడేది కాబట్టి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆ పని కూడా వద్దనుకునేవాళ్లు, మృదంగం ఎక్కువ వినేవాళ్లు రేగా తీసుకోండి. వీణ, వేణువు వినేవాళ్లకు, కార్ట్రిడ్జ్ మార్చే ఆలోచన ఉన్నవాళ్లకు ట్యూబ్ బాక్స్. అయస్కాంతానికి బదులు తీగచుట్ట కదిలే ఎంసీ కార్ట్రిడ్జ్‌కి మారినా అదే పెట్టె సరిపోతుంది.