పదకొండు రోజుల బిల్లులు తిరిగి ఇచ్చిన మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్

తెనాలిలో ఒక మందుల హోల్‌సేల్ షాపు బిల్లింగ్ కోసం మైఎస్‌క్యూఎల్ 8.0 అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ని నాలుగేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. వేగం, ఇన్‌స్టాలేషన్ సంగతులు అందరికీ తెలిసినవే. నాకు చెప్పాలనిపించింది డేటాలో జరిగే ప్రతి మార్పునీ వరసగా రాసుకునే బిన్‌లాగ్ ఒక్కదాని గురించే.

పోయిన వానాకాలం, కౌంటర్ దగ్గర బిల్లులు పడుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ నిలవలేదు. మెషిన్ మళ్లీ లేచింది గానీ డేటాబేస్ లేవలేదు. ఎర్రర్ లాగ్ నిండా పేజీ కరప్షన్, అంటే డేటా ముక్కలు చెడిపోయాయన్న మాటే. డేటా ఫోల్డర్ మొత్తం వేరే డిస్కుకి కాపీ తీసుకుని, ఆ కాపీ మీద, చెడిన డేటాబేస్‌ని బలవంతంగా లేపే ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ సెట్టింగుని 1 నుంచి 3 దాకా పెంచి చూశాను. లాభం లేదు. 4 నుంచి పైకి వెళ్తే డేటా శాశ్వతంగా చెడిపోవచ్చు కాబట్టి అక్కడితో ఆపేశాను.

రోజూ రాత్రి తీసే డంప్ (డేటా మొత్తం బ్యాకప్ ఫైలు) ఉందిగా అని ధైర్యం. తెరిచి చూస్తే, బ్యాకప్ డిస్కు నిండిపోయి ఒక ఫైలు సగంలో తెగింది, ఆ తర్వాతవన్నీ సున్నా బైట్లు. డంప్‌ని నేరుగా ఫైలు సైజు తగ్గించే జీజిప్‌కి పంపే స్క్రిప్టు అది. తప్పు జరిగితే ఆగి చెప్పేలా నేను రాయలేదు. చివర్లో ‘డంప్ కంప్లీటెడ్’ అన్న లైను ఉన్న ఆఖరి ఫైలు పదకొండు రోజుల కిందటిది. “ఎవరు ఎంత బాకీయో ఎలా తెలుస్తుంది బాబూ?” అన్నారు యజమాని గారు.

అప్పుడు కాపీలో బిన్‌లాగ్ ఫైళ్లు కనిపించాయి. 8.0లో అది మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, మార్చకపోతే 30 రోజులు ఉంచుతుంది. మన పాత లెక్కల్లో చెప్పాలంటే డంప్ ఆవర్జా, బిన్‌లాగ్ చిట్టా. చిట్టా ఉంటే ఆవర్జా మళ్లీ రాసుకోవచ్చు. ఎప్పుడో పెట్టిన మాస్టర్ డేటా ఆప్షన్ వల్ల ఏ ఫైలులో ఏ పొజిషన్ నుంచి మొదలుపెట్టాలో డంప్ పైభాగంలోనే రాసి ఉంది. ఇంకో మెషిన్ మీద డంప్ ఎక్కించి, ఆ పొజిషన్ నుంచి ఫైళ్లన్నీ ఒకే కమాండ్‌లో వరసగా నడిపించాను. ఒక్కో రోజు బిల్లులు వచ్చి చేరుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పార్టీల బాకీలు ప్రింటు తీసిన డేబుక్‌తో పైసలతో సహా సరిపోయాయి.

అన్నీ రాలేదు. బిన్‌లాగ్‌ని ఎప్పటికప్పుడు డిస్కు మీద ఖాయంగా రాయించే సెట్టింగు సింక్ బిన్‌లాగ్. మొదట్లో బిల్లు త్వరగా పడాలని దాన్ని 0కి మార్చాను; అందుకే ఆఖరి ఫైలు తోక తెగింది. చివరి నాలుగు బిల్లులు కార్బన్ కాపీలు చూసి కొట్టాం. స్టోర్డ్ ప్రొసీజర్లూ (డేటాబేస్‌లోనే దాచుకునే చిన్న ప్రోగ్రాములు) లేవు. విడిగా అడగకపోతే, డంప్ తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ వాటిని తీసుకోదు. నాలుగేళ్ల కిందట రాసినవి 30 రోజుల చిట్టాలో ఎక్కడ ఉంటాయి? మా ఇంట్లో పాత లాప్‌టాప్‌లో దొరికాయి.

ఇంకో మాట. బిన్‌లాగ్ కూడా డేటా ఉన్న డిస్కులోనే ఉంది. డిస్కే పోయి ఉంటే ఈ సమీక్ష రాసేవాణ్ణి కాదు. ఇప్పుడు సింక్ బిన్‌లాగ్ 1లో ఉంది, బిన్‌లాగ్ ఎప్పటికప్పుడు వెనక గదిలోని ఇంకో మెషిన్‌కి వెళ్తోంది. మాది ఆరు జీబీ డేటా, రోజుకి రెండు మూడు వందల బిల్లులు, పక్కన కాగితం కాపీలు. ఇంతటి షాపుకైతే గట్టిగా చెప్తాను, మైఎస్‌క్యూఎల్ తీసుకోండి అని. కాగితం లేకుండా నడిచేచోట ఆ నాలుగు బిల్లులు తిరిగొచ్చే దారి ఉండేది కాదు.