మత్స్యలో మనిషా, తీగ కట్టిన యంత్రమా?

చెన్నై పళ్లికరణైలో ఎన్.ఐ.ఓ.టి. (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) గేటు దాటిన ప్రతిసారీ మా మేనల్లుడు మొదలుపెడతాడు. "మామయ్యా, మత్స్య 6000 ఉండగా సముద్రం అడుగున మైనింగ్‌కి వేరే యంత్రం ఎందుకు?" మత్స్య అంటే మనుషుల్ని సముద్రం లోతుకి తీసుకెళ్లే వాహనం, వరాహ అంటే ఓడ నుంచి తీగతో దించి అడుగున నడిపే మనిషి లేని యంత్రం. వాడిది మత్స్య పార్టీ, నాది వరాహ పార్టీ.

మత్స్య గొప్పదే, కాదనను. ముగ్గురు కూర్చునే టైటానియం గోళం వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. అంత మందం ఎందుకంటే, 6000 మీటర్ల లోతులో బొటనవేలి గోరంత చోటు మీద 600 కిలోల బరువు పడుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 24! లోపల మాత్రం మామూలు గాలి ఒత్తిడే. అత్యవసరమైతే 96 గంటలు బతికేలా ఏర్పాటు ఉంది.

చిక్కు టైముతో. నిమిషానికి 30 మీటర్ల చొప్పున దిగితే అడుగుకి చేరడానికే మూడు గంటల పైన, రావడానికి మళ్లీ అంత. మొత్తం 12 గంటల్లో పనికి మిగిలేది నాలుగైదు గంటలు. పైగా అంతా బ్యాటరీ మీదే. ఉప్పునీటిలో రేడియో పనిచేయదు, శబ్దంతోనే మాట్లాడుకోవాలి. అంత లోతు నుంచి ఒక మాట ఓడకి చేరడానికి నాలుగు సెకన్లు.

వరాహకి ఈ బాధలు లేవు. ఓడ నుంచి దిగిన తీగలోనే కరెంటు, వీడియో, ఆదేశాలు అన్నీ వస్తాయి. రాత్రీ పగలూ పని చేయించొచ్చు, పాడైతే పోయేది ఇనుమే. 2021లో మధ్య హిందూ మహాసముద్రంలో 5270 మీటర్ల లోతున నడిచి చూపించింది. మనకి మాంగనీసు ముద్దల (సముద్రం అడుగున పడి ఉండే లోహపు గడ్డల) కోసం కేటాయించిన 75,000 చదరపు కిలోమీటర్లు ఉన్నది కూడా ఆ సముద్రంలోనే.

అలాగని అంతా సుఖం కాదు. అక్కడి బురద మెత్తన, బరువైన బండి దిగబడిపోతుంది. అలలకి ఓడ ఊగుతుంటే కిలోమీటర్ల పొడవు తీగ తెగకుండా చూడాలి. అన్నిటికన్నా కష్టం, బంగాళదుంపల్లాంటి ఆ ముద్దల్ని ఐదు కిలోమీటర్లు గొట్టంలో పైకి పంపు చేయడం. అడుగున మనిషి ఉన్నంత మాత్రాన ఆ పంపు తేలికవదు కదా.

అందుకే తవ్వకానికి నా ఓటు వరాహకే. వేడినీటి బుగ్గల్లాంటి కొత్త చోట్లు వెతకడానికైతే మత్స్య వెళ్లాలి. కిటికీలోంచి చూసి, అక్కడికక్కడే "అటు తిప్పు" అనగల మనిషి అక్కడ కావాలి. మావాడు దీనికి సగమే ఒప్పుకున్నాడు.