బార్న్ అని బుక్ చేస్తే షెడ్డు దొరికింది

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ రెండున్నర గంటల దారి. ప్రయాణం హాయిగానే సాగింది. బస దగ్గరే దెబ్బ తిన్నాం.

"పాతకాలపు రాతి బార్న్‌లో బస" అన్న ప్రకటన చూసి (బార్న్ అంటే గడ్డి, పశువుల కోసం కట్టే పెద్ద కొట్టం) రాత్రికి 189 డాలర్లు, క్లీనింగ్ పేరుతో ఇంకో 45 కట్టాను. తీరా వెళ్తే రేకుల షెడ్డు, దానికి ఎర్ర రంగు. లోపల గోడలకు రాళ్ళ బొమ్మల వాల్‌పేపర్! మంచం పక్కన గోరుతో గీకితే ఒక "రాయి" అంచు లేచొచ్చింది. ఓనర్ని అడిగితే "లుక్ గురించే కదా రాశాం" అన్నాడు. అత్తయ్యగారు చుట్టూ చూసి, "దీనికంటే తెనాలిలో మా గొడ్లచావిడి నయం బాబూ" అన్నారు. మా ఆవిడ పొద్దుటిదాకా నాతో మాట్లాడలేదు.

మర్నాడు హాన్స్ హెర్ హౌస్‌కి వెళ్ళాం. లాంకాస్టర్ కౌంటీలో నిలిచున్న ఇళ్ళలో ఇదే పాతది. గుమ్మం పైరాతి మీద 1719 అనీ, కట్టించిన క్రిస్టియన్ హెర్ పేరు పొడి అక్షరాలూ చెక్కి ఉన్నాయి. ఇసుకరాతి గోడలు, నిటారు కప్పు, చిన్న చిన్న కిటికీలు. మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు ప్రార్థనలకు చేరింది కూడా ఈ ఇంట్లోనే. నాకు బాగా నచ్చింది పొయ్యి ఏర్పాటు: వంటింటి వైపు నుంచి నిప్పు వేస్తే గోడ అవతల గదిలో ఇనప పొయ్యి వేడెక్కుతుంది, పొగ మాత్రం ఆ గదిలోకి రాదు.

తిరుగుదారిలో అసలైన బార్న్ ఒకటి కనిపిస్తే కారాపాం. వాలుకు ఆనించి కట్టారు. ఎగువ నుంచి బండి నేరుగా పై అంతస్తులోకి వెళ్ళి గడ్డి దించుతుంది, పశువులుండేది కింద. కింది తలుపుల మీదికి పై అంతస్తు చూరులా ముందుకొచ్చి ఉంది. పక్క రాతిగోడలో నిలువుగా సన్నటి చీలికలు. తుపాకులు పెట్టడానికేమో అన్నాను. అత్తయ్యగారు నవ్వారు. "గాలికయ్యా. పచ్చిగడ్డి వామేస్తే లోపల ఉడికి అంటుకోదూ?" అన్నారు. నిజమే, ఆ చీలికలు గాలి కోసమే. అప్పటికి మా ఆవిడ కూడా నవ్వింది.

భోజనం తర్వాత "షూఫ్లై పై" అనే తీపి వంటకం తిన్నాం, ముక్క 6 డాలర్లు. బెల్లప్పాకం రుచి, అత్తయ్యగారు రెండో ముక్క అడిగారు.

మీరు బుక్ చేసేముందు మాత్రం గోడలు దగ్గరగా తీసిన ఫోటో, వెనకవైపు ఫోటో అడగండి. ఊడిన వాల్‌పేపర్ ఫోటో పంపాక నాకు క్లీనింగ్ 45 వెనక్కొచ్చింది. మిగతా 189 కోసం ఇంకా వెంటపడుతూనే ఉన్నా.