ఉగాండా అమ్మాయి చదువుకు హన్మకొండ నుంచి స్పాన్సర్‌షిప్: నాలుగేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

నేను హన్మకొండలో జూనియర్ కళాశాల అధ్యాపకురాలిగా అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. తూర్పు ఉగాండాలో ఎంబాలే పట్టణానికి పైన, ఎల్గన్ కొండ వాలులో కాఫీ తోటల మధ్య ఉన్న ఒక ఊరి అమ్మాయి చదువు ఖర్చును 2022 జనవరి నుంచి ఒక విదేశీ సంస్థ ద్వారా భరిస్తున్నాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వారి మీద నాకు ఒక గట్టి ఫిర్యాదు ఉంది. అయితే ఇటువంటి సేవలో చేరబోయే ఎవరైనా ముందుగానే అడిగి తెలుసుకోవలసిన విషయంగా దాన్ని చెప్పాలన్నదే నా ఉద్దేశం.

ఉగాండా ఎందుకంటే, నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఉద్యోగరీత్యా కంపాలాలో ఉంటున్నాడు. కరోనా కాలంలో 2020 మార్చిలో మూసిన బడులను ఆ దేశం 2022 జనవరి 10న గాని పూర్తిగా తెరవలేదు. దాదాపు రెండేళ్లు బడికి దూరమైన ఆడపిల్లల్లో ఎందరో పెళ్లిళ్లై, తల్లులై తిరిగి రాలేకపోతున్నారని అతడు ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"మన దగ్గర బీద పిల్లలు లేరా మేడమ్?" అని ఇప్పటికీ అడిగేవారున్నారు. ఉన్నారు, వారికి చేసేది కూడా ఆపలేదు. కాని ఒక తేడా చూడమని కోరుతున్నాను. మన ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం పిల్లలకు ఉచితంగా అందుతాయి. వాటిలో లోపాలుండవచ్చు, కాని తల్లిదండ్రుల చేతిలో డబ్బు లేదని పిల్ల ఆకలితో కూర్చోవలసిన అవసరం లేదు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఈ రోజు మన జిల్లాల్లోని ఎన్నో పేద ఇళ్ల పిల్లలను హాస్టల్‌లో ఉంచి చదివిస్తోంది. ఉగాండాలో 1997 నుంచి ప్రాథమిక విద్యకు ఫీజు లేదన్నది నిజమే అయినా, యూనిఫాం, నోటు పుస్తకాలు, మధ్యాహ్నం తిండి తల్లిదండ్రుల మీదే పడతాయి. ఫీజు లేని బడి నుంచి పిల్లలు ఎందుకు మానేస్తారన్న ప్రశ్నకు జవాబు ఈ చిన్న ఖర్చుల్లోనే ఉంది.

సంస్థ పనితీరులో నాకు అన్నిటికంటే నచ్చింది లెక్క చూపే పద్ధతి. మొదటి మూడేళ్లు ఏడాదికి 28,000 రూపాయలు పంపాను. ఏడాది చివర యూనిఫాంకు ఎంత, భోజనానికి ఎంత, పరీక్ష పేపర్లకు ఎంత, శానిటరీ ప్యాడ్లకు ఎంత, బడి మొత్తానికి కట్టిన నీళ్ల ట్యాంకులో నా వాటా ఎంత, కార్యాలయ ఖర్చు ఎంత అన్నది విడివిడిగా వచ్చింది. నీళ్ల ట్యాంకుకు వాటా ఎందుకని మొదట అనుకున్నాను గాని, నా విద్యార్థి కంపాలా నుంచి ఎంబాలే వెళ్లి, సంస్థకు ముందుగా తెలియజేసి, ఆ బడి చూసి వచ్చిన తర్వాత ఆ సందేహం పోయింది. తొంభై మందికి పైగా కూర్చున్న తరగతిలో ఒక్క పిల్లకే బూట్లు, సంచి ఇచ్చి మిగతావారిని చూస్తూ ఉండమనడం సరికాదని, నీళ్ల కోసం కొండ దిగి వెళ్లే బాధ ఆడపిల్లలందరికీ ఒక్కసారే తప్పిందని అతడు చెప్పాడు. మధ్యాహ్నం మొక్కజొన్న పిండితో వండే పోషో, చిక్కుడు గింజలు పెడుతున్నారని అతడు పంపిన ఫొటో చూపిస్తే, మా అమ్మ "గిది మన మక్క గట్కనే గదా బిడ్డా" అన్నది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి క్షేమం నాకంటే ముందు మా అమ్మే అడుగుతోంది.

డబ్బు పంపే విషయం కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడతారు. నేను మొదట కార్డు నుంచి నెలనెలా దానంతట అదే కోత పడేలా ఏర్పాటు చేసుకున్నాను. 2021 అక్టోబరు నుంచి ఇటువంటి ఆటో డెబిట్లకు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు అమలులో ఉన్నాయి. నా కార్డు విషయంలో రెండు నెలల చెల్లింపు ఆగిపోగా, ఆ సంగతి సంస్థ నుంచి ఈమెయిలు వస్తేగాని నాకు తెలియలేదు. అప్పటి నుంచి ఏడాది మొత్తాన్ని బ్యాంకుకు వెళ్లి ఒకేసారి పంపుతున్నాను. పాన్ కార్డుతో పాటు ఏ2 ఫారం నింపి, విదేశీ ధర్మసంస్థకు విరాళమని కారణం రాయాలి. మన దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి, అలా పంపే మొత్తం ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితేనే ఇటువంటి విరాళాలపై మూలంలో పన్ను వసూలు చేస్తారు కనుక, మనబోటి వారికి ఆ బెడద లేదు. అయితే విదేశీ సంస్థకు నేరుగా పంపిన డబ్బుకు, విరాళాలకు ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. పంపిన ప్రతిసారీ బ్యాంకు రుసుము ఉంటుంది, మధ్యలోని బ్యాంకు కూడా కొంత కోసుకోవచ్చు. అందుకే చిన్న మొత్తాలుగా పన్నెండు సార్లు పంపడం శుద్ధ దండుగ.

ఉత్తరాల ఏర్పాటు బాగుంది గాని నెమ్మది. పిల్లల రక్షణ కోసం ఇరువైపులా చిరునామాలు, ఫోన్ నంబర్లు రాయకూడదు, ప్రతి ఉత్తరాన్నీ సిబ్బంది చదివిన తర్వాతే పంపుతారు. ఈ నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడే ఎంగిలిపూల బతుకమ్మ గురించి రాసి, తంగేడు, గునుగు పూలు పేర్చిన ఫొటో జత చేశాను. అంత అందంగా పేర్చిన పూలను నీళ్లలో ఎందుకు వదులుతారని ఆమె అడిగిన ఉత్తరం నాకు చేరేసరికి సంక్రాంతి వచ్చింది.

ఇక నివేదికల్లో ఒక లోపం. అక్కడ ఏడో తరగతి చివర ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘిక శాస్త్రాలలో దేశమంతటికీ ఒకే పరీక్ష ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకు 1 నుంచి 9 వరకు గ్రేడు ఇచ్చి, నాలుగూ కలుపుతారు. అంటే 4 వస్తే అత్యుత్తమం, 36 వస్తే అధమం. నాకు వచ్చిన కాగితంలో "మొత్తం 17" అని మాత్రమే ఉంది. మార్కులు ఎక్కువైతే సంతోషించే అలవాటున్న మన ఇళ్లలో ఆ అంకె ఎలా కనిపిస్తుందో ఊహించండి. అమ్మాయి చదువులో వెనుకబడిందని రెండు రోజులు దిగులుపడ్డాను. నిజానికి ఆమె రెండో డివిజన్‌లో ఉత్తీర్ణురాలైంది. రెండేళ్లు బడి మూతపడిన తరం నుంచి వచ్చి అది సాధించింది. దాతకు పంపే కాగితంలో ఒక్క వాక్యం వివరణ చేర్చడం కష్టమేమీ కాదు.

నా అసలు ఫిర్యాదు ఆ తర్వాతి మెట్టు గురించి. ఏడో తరగతి పూర్తి కాగానే పిల్ల "కార్యక్రమం ముగించుకున్నట్టు" లెక్క అని, స్పాన్సర్‌షిప్ ప్రాథమిక దశకే పరిమితమని 2025 జనవరిలో, ఫలితాలతో పాటు రాశారు. నేను సంతకం చేసిన ఒప్పందం తీసి చూస్తే ఆ మాట నిజంగానే ఉంది, రెండో పేజీ అడుగున. అంతకు ముందు మూడేళ్లలో ఒక్క ఉత్తరంలోనైనా దాన్ని గుర్తు చేయలేదు. ఉగాండాలో ఎందరో పేదింటి పిల్లల చదువు ఈ మలుపులో తెగిపోతుంది. ఆ ఊరికి నడిచి వెళ్లే దూరంలో ఉన్నత పాఠశాల లేదు, హాస్టల్‌లో చేరాలి. బడి పంపిన జాబితాలో ఫీజుతో పాటు పరుపు, ఇనుప పెట్టె, తెల్ల కాగితాల కట్ట, చీపురు కూడా ఉన్నాయి. ఫిబ్రవరిలో తరగతులు మొదలవుతాయనగా జనవరి నెలాఖరులో ఈ కబురు తెలిస్తే, నాలాంటి విశ్రాంత ఉద్యోగి ఇక్కడ బ్యాంకు పని ముగించుకుని అక్కడికి డబ్బు చేర్చేది ఎప్పుడు? నేను వరుసగా నాలుగు ఈమెయిళ్లు రాసిన తర్వాత ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అమ్మాయి రెండు వారాలు ఆలస్యంగా చేరింది. ఖర్చు ఏడాదికి 62,000 రూపాయలైంది, దానికి నాకు ఏ బాధా లేదు. ఆమెతో పాటు పరీక్ష రాసిన మరో ఇద్దరు పిల్లల దాతలు సమయానికి జవాబివ్వలేదని తెలిసినప్పుడు మాత్రం చాలా బాధపడ్డాను.

ఇది నా ఒక్కదాని ఆవేదన అనుకోవద్దు. బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లేన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ స్పాన్సర్‌షిప్‌ను, ఉగాండా, భారతదేశం సహా ఆరు దేశాల్లో 10,144 మంది వివరాలతో పరిశీలించి 2013లో ప్రచురించారు. సాయం అందిన పిల్లలు 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారని, ఉన్నత పాఠశాల పూర్తి చేసే అవకాశం 44.5 శాతం నుంచి మరో 12 నుంచి 18 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది. అంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. దాని ఫలం పెద్ద తరగతుల్లో ఇంతగా కనిపిస్తున్నప్పుడు ఏడో తరగతితో చేయి వదిలేయడం ఏం న్యాయం?

మరొక్క మాట. వెబ్‌సైటులో పిల్లల ఫొటోలు వరుసగా పెట్టి, నచ్చినవారిని ఎంచుకోమనే పద్ధతి నాకు ససేమిరా నచ్చలేదు. ముద్దుగా నవ్వే పిల్లకు ముందు దాత దొరికి, నవ్వని పిల్ల నెలల తరబడి అక్కడే మిగిలిపోవడం ఎంత క్రూరమో వారు ఆలోచించాలి. "ఎవరి అవసరం ముందుంటే వారికి" అనే గడి కూడా అదే పేజీలో కింద ఉంటుంది. నేను దాన్నే ఎంచుకున్నాను. చేరేవారు దాన్నే ఎంచుకోవాలని నా మనవి.

ఇన్ని లోపాలు చెప్పినా ఈ సంస్థను నేను వదలలేదు, ఇతరులకు చెబుతున్నాను కూడా. కాని డబ్బు కట్టే ముందు, పిల్లను ఏ తరగతి దాకా చదివించే బాధ్యత తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి. ఉగాండాలో నాలుగేళ్ల ఉన్నత పాఠశాల చివర జాతీయ పరీక్ష ఉంటుంది. అక్కడి దాకా, అంటే 2028 వరకు, ఈ అమ్మాయి చదువు ఆపబోమని నేను పట్టుబట్టి రాయించుకున్నాను. ఫిబ్రవరిలో మొదలయ్యే కొత్త తరగతికి డబ్బు ఆలస్యం కాకూడదని, ఈసారి నవంబరులోనే బ్యాంకులో ఏ2 ఫారం ఇచ్చి వచ్చాను.